తమ్ముడి రిసెప్షన్‌కి నేను పెట్టిన బార్

మా పుట్టింట్లో సీసా అంటే నూనె సీసా, లేదంటే ఆవకాయ సీసా. మరో రకం సీసా ఆ గుమ్మం దాటి లోపలికి వచ్చి ఎరగదు. తాడేపల్లిగూడెంలో మా నాన్నది హోల్‌సేల్ కొట్టు. ఉల్లిపాయలు, పప్పులు, నూనెలు. పొద్దున్నే గల్లాపెట్టెకు దణ్ణం పెట్టుకుని కూర్చున్నారంటే మళ్లీ మధ్యాహ్నం భోజనానికే లేవడం. ఎవరి పెళ్లికైనా వెళ్లినప్పుడు వెనకాల మందు పార్టీ నడుస్తోందని తెలిస్తే, చదివింపుల కవరు చేతిలో పెట్టేసి, భోజనం చెయ్యకుండా ఇంటికి వచ్చేసే మనిషి. అలాంటి మనిషి కొడుకు రిసెప్షన్‌కి, అలాంటి మనిషి కూతురినైన నేను, దగ్గరుండి బార్ పెట్టించాను. ఆ పని మొదలైన రోజు నుంచి రిసెప్షన్ దాకా నాకు కాలు నేల మీద నిలవలేదు. ఆడదానికి ఇందులో సరదా ఏమిటి అని కొందరన్నారు. అననివ్వండి. చాలా సరదాగా ఉంది.

తమ్ముడు ఇష్టపడి చేసుకున్న అమ్మాయిది కలిదిండి. ఏలూరులో ఇద్దరికీ ఒకే ఆఫీసులో ఉద్యోగం. వాళ్ల నాన్నగారికి చెరువులున్నాయి. కొన్నిట్లో చేపలు, కొన్నిట్లో రొయ్యలు. నిలువెత్తు మనిషి, నవ్వితే పక్క వీధికి వినబడుతుంది. మా నాన్నేమో పక్కన కూర్చున్నవాళ్లకు కూడా వినబడకుండా మాట్లాడే మనిషి. సంబంధం మాట్లాడుకోవడానికి వచ్చిన రోజున వీళ్లిద్దరికీ ఎలా కుదురుతుందా అని నేను భయపడుతుంటే, వాళ్లిద్దరూ రొయ్య ధర, ఉల్లిపాయ ధర చెప్పుకుంటూ కాఫీ చల్లారబెట్టుకున్నారు. తిండి వేరు, ఆచారాలు వేరు. అయినా సరుకు పెట్టుకుని నష్టపోవడమంటే ఏమిటో తెలిసినవాళ్లు ఒకరికొకరు తొందరగా దగ్గరవుతారు. పెళ్లి కలిదిండిలో వాళ్లు చెయ్యాలి, రిసెప్షన్ మేము ఏలూరులో ఇవ్వాలి అని ఆ రోజే తేలిపోయింది.

ఏలూరులో కాపురం ఉండేది నేను కాబట్టి హాలు మాట్లాడటం దగ్గర్నుంచి పనులన్నీ నా నెత్తిన పడ్డాయి. పడ్డాయంటున్నాను గానీ నేనే లాక్కున్నాను. ఒకరు చేస్తుంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాదు. ఒకరోజు పెళ్లికూతురు జాకెట్ల కొలతలివ్వడానికి వచ్చి మా ఇంట్లో ఆగింది. కాఫీ తాగుతూ ఫోనులో వాళ్ల అక్క రిసెప్షన్ ఫొటోలు చూపించింది. పూల స్టేజీ, పట్టుచీరలు, మేనత్తలు, బాబాయిలు, పక్కింటివాళ్లు కూడా ఉన్నారు.

“మీ నాన్నగారేరమ్మా?” అన్నాను.

“లేరు వదినా. ఒక్కదాంట్లోనూ లేరు.”

“అదేమిటి, ఊళ్లో లేరా?”

“ఉన్నారండి. పార్కింగులో ఉన్నారు. చెరువుల వాళ్లందరూ నాన్న కోసమే వస్తారు కదండీ. వచ్చినవాళ్లకి నాన్న తన చేత్తో పొయ్యాలి. ఒక కారు వాళ్లకి పోసి వద్దామనుకునేలోగా ఇంకో కారు వచ్చి ఆగేది. ‘ఇప్పుడే వచ్చేత్తానమ్మా’ అని అక్కతో చెప్పి వెళ్లారు. వచ్చేసరికి స్టేజీ మీద పూలు పీకేస్తున్నారు.”

నవ్వుతూనే చెప్పింది. చెప్పి ఫోను బోర్లా పెట్టేసింది.

“నా ఫొటోల్లో నాన్న ఉండాలి వదినా. నా పక్కనే ఉండాలి. ఇంకేం అడగను మిమ్మల్ని.”

వచ్చే కోడళ్లు ఆడపడుచుని ఏమేమో అడుగుతారని విన్నాను. ఇలాంటిది అడుగుతారని నాకు తెలియదు. ఆ పిల్ల మీద అక్కడికక్కడే ప్రేమ పుట్టుకొచ్చింది. వాళ్ల నాన్న మీద కోపమూ వచ్చింది. అన్నిటికంటే ఎక్కువగా, చేతికి ఒక పని దొరికిందన్న ఉత్సాహం వచ్చింది.

ఈ పార్కింగు సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. మా వైపు పెళ్లిళ్లలో మందు ఎక్కడా ఉండదు, అంతటా ఉంటుంది. హాల్లో సన్నాయి మోగుతుంటుంది, వంటల దగ్గర ఆవిర్లు వస్తుంటాయి, పిల్లలు బెలూన్లు పగలగొడుతుంటారు. బయట పార్కింగులో మాత్రం కార్ల డిక్కీలు వరసగా తెరుచుకుని ఉంటాయి. ఒక్కో డిక్కీ చుట్టూ కొంతమంది, చేతిలో ప్లాస్టిక్ గ్లాసులు, కారు టాపు మీద మిక్చరు పొట్లం. లోపల వాళ్ల ఆడవాళ్లు నిద్రపోయిన పిల్లల్ని ఒళ్లో వేసుకుని, ఒక కన్ను భోజనాల మీద, ఒక కన్ను గుమ్మం మీద వేసి కూర్చుంటారు. మగవాళ్లు లోపలికి వచ్చేసరికి పులిహోర ఎండిపోతుంది, ఐస్‌క్రీమ్ నీళ్లవుతుంది. పోనీ ఖర్చన్నా తక్కువా అంటే అదీ కాదు. చాటుగా తాగే మందు ఎప్పుడూ ఎక్కువే ఖర్చవుతుంది. ఇది నా సొంత సిద్ధాంతం. మా ఆయన్ని చూసి నేర్చుకున్నాను.

మా ఆయన బ్యాంకు ఉద్యోగి. అప్పుడప్పుడూ స్నేహితులతో కూర్చుంటారు. నాకు తెలియదనుకుంటారు. సోంపు నములుతూ ఇంట్లో అడుగుపెట్టే మగాడి సంగతి ఏ భార్యకు తెలియదు! ఆ సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి రాగానే ఎదురుగా కూర్చున్నాను.

“ఏవండీ, మీకొచ్చిన విద్య ఒకటి నాకు నేర్పాలి.”

ఒక సీసా ఎంతమందికి వస్తుంది, విస్కీ వాళ్లెవరు, బ్రాందీ వాళ్లెవరు, సోడా ఎంత కావాలి, నీళ్లెంత కావాలి అని వరసబెట్టి అడిగాను. ఆయన మొదట నీళ్లు నమిలారు. తర్వాత ఇటూ అటూ చూసి మెల్లగా నోరు విప్పారు. కాసేపయ్యేసరికి కుర్చీలో ముందుకు జరిగి, చేతులు తిప్పుతూ, మాస్టారిలా చెప్పడం మొదలుపెట్టారు. పెళ్లయ్యాక నేను ఆయన్ని సలహా అడగడం అదే మొదటిసారని తర్వాత మా బంధువుల్లో చెప్పుకున్నారట. అబద్ధం. రెండోసారి.

నా ఆలోచన చాలా తేలిక. మందు మనమే పెడతాం. హాలు వెనక లాన్‌లో ఒక మూలన, కుర్చీలూ బల్లలూ వేసి, పొయ్యడానికి మనుషుల్ని పెట్టి, పద్ధతిగా పెడతాం. భోజనాలు మొదలయ్యే వేళకి కట్టేస్తాం. కార్ల దగ్గరికి ఎవరూ పోనక్కర్లేదు. పెళ్లికూతురి నాన్నగారు ఎవరికీ పొయ్యనక్కర్లేదు. హాయిగా కూతురి పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు.

దీనికి మా నాన్న ఒప్పుకోవాలి. బస్సెక్కి గూడెం వెళ్లి, కొట్లో రద్దీ తగ్గేదాకా కూర్చుని, సంగతి చెప్పాను.

“మతిపోయిందా నీకు?” అన్నారు నాన్న. ఆయన గొంతు పెంచడం అప్పుడే మొదటిసారి విన్నాను. “శుభలేఖలో నా పేరేసి పిలిచి, వచ్చినవాళ్లచేత తాగిస్తానా?”

“మీరు వద్దంటే తాగరా నాన్నా? మన హాలు ఎదురుగా, మన శుభలేఖ జేబులో పెట్టుకునే తాగుతారు. అదే మనం పెడితే మనం చెప్పిన చోట, మనం చెప్పిన వేళకి తాగుతారు. కొట్టు తాళం మన చేతిలో ఉంటుంది.”

తాళం మాట ఆయనకి నచ్చిందని మొహం చూస్తే తెలిసింది. అప్పుడు ఆ అమ్మాయి ఫొటో సంగతి కూడా చెప్పాను. ఆయన అది విని, ఎదురుగా ఉన్న బస్తాలోంచి ఒక ఉల్లిపాయ తీసి, ఎండిన పొర వలిచి, మళ్లీ బస్తాలో పడేశారు.

“సరే, కానీ. నా కంటికి కనబడకూడదు. నా ముక్కుకి వాసన తగలకూడదు. నేను అటువైపు అడుగు పెట్టను. భోజనం మాత్రం మన భోజనమే. కోడిగుడ్డు కూడా ఉండటానికి వీల్లేదు.”

“అలాగే నాన్నా” అని బుద్ధిమంతురాలిలా బయటికి వచ్చాను. బస్టాండు దగ్గర గట్టిగా ఈల వెయ్యాలనిపించింది. బాగుండదని మానుకున్నాను.

ఇక చూడాలి నా హడావుడి. హాలు నా పేరున తీసుకున్నాను కాబట్టి, ఆ ఒక్క సాయంత్రం మందు పెట్టుకోవడానికి పర్మిట్టు కూడా నా పేరునే అడిగాను. ఎక్సైజ్ ఆఫీసులో ఒకాయన కాగితం చూసి, నన్ను చూసి, మళ్లీ కాగితం చూశాడు.

“మీ వారు రాలేదాండీ?”

“వచ్చారండి. సిగ్గేసి బండి దగ్గర ఆగిపోయారు.”

ఆయన నవ్వాపుకుంటూ పక్క బల్ల దగ్గరికి పంపాడు. అక్కడాయన కూడా అదే అడిగితే నేనూ అదే చెప్పాను. మూడో బల్ల దగ్గరికి వెళ్లేసరికి వాళ్లకి ముందే తెలిసిపోయింది, నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చారు.

తక్కువలో చెయ్యడమంటే తక్కువ రకం సరుకు పెట్టడం కాదు. ఇది కొట్లో పెరిగినవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. రకాలు తగ్గించాలి. పది రకాలు పెడితే పదీ రుచి చూస్తారు. అందుకని పేరున్న విస్కీ ఒకటి, బ్రాందీ ఒకటి, బీరు ఒకటి, అంతే. మూత తియ్యని సీసాలు వెనక్కి తీసుకోవాలని వైన్ షాపాయన్ని ముందు బతిమాలాను, తర్వాత దెబ్బలాడాను, చివరికి రిసెప్షన్‌కి పిలిచాను. పిలిచాక ఒప్పుకున్నాడు. గ్లాసులు ప్లాస్టిక్‌వి వద్దని షామియానాలు అద్దెకిచ్చేవాళ్ల దగ్గర గాజువి తీసుకున్నాను, అవి కూడా చిన్నవి. పెద్ద గ్లాసులో కొంచెం పోస్తే పిసినారితనం అంటారు. చిన్న గ్లాసులో అంతే పోస్తే మర్యాద అంటారు. నంచుకోవడానికి ఉడకబెట్టిన వేరుశెనగకాయలు, ఉప్పూ కారం చల్లిన పచ్చి మామిడి ముక్కలు, వేడివేడి మిరపకాయ బజ్జీలు. కడుపులో ముందు బజ్జీ పడితే సీసా నెమ్మదిగా ఖాళీ అవుతుందని మా ఆయన ఉపదేశం.

ఆ కౌంటరు పక్కనే, అదే రంగు గుడ్డ కప్పి, అవే పూలు కట్టి, నిమ్మకాయ సోడా కౌంటరు పెట్టించాను. ఎవరు ఏ కౌంటరుకి వెళుతున్నారో దూరం నుంచి తెలియకూడదు. మా వైపు చుట్టాల్లో దాహం ఉన్నవాళ్లెవరో నాకు తెలుసు. వాళ్ల పరువు కాపాడే బాధ్యత కూడా నాదే కదా.

ఫాల్గుణ మాసం, అప్పటికే ఎండలు. బీర్లు చల్లగా ఉండాలంటే ఐసు కావాలి, ఊళ్లో ఐసు ధర అడిగితే గుండె గుభేలుమంది. అదే మాట పెళ్లికూతురి నాన్నగారితో ఫోనులో అన్నాను.

“ఐసు సంగతి నాకొదిలెయ్ అమ్మా. మా రొయ్యలకి కొట్టే ఐసు లేదూ? బండేసి పంపేత్తాను. సీసాలు పెట్టుకోటానికి నిక్షేపంలాగుంటది.”

“చాలా సంతోషం మావయ్యగారూ. ఇంకో మాట. ఆ రోజు మీరు స్టేజీ దిగకూడదు. పొయ్యడానికి నేను మనుషుల్ని పెట్టాను.”

“అంతకంటేనా! అలాగేనమ్మా” అన్నారాయన.

మా నాన్న అలాగే అంటే అలాగే. ఈయన అలాగే అంటే ఏమిటో నాకప్పటికి తెలియదు. నేను నమ్మేసి ఫోను పెట్టేశాను.

రిసెప్షన్ రోజు మధ్యాహ్నం ఐసు బండి వచ్చింది. నేను పట్టుచీర కట్టుకుని, తలలో పూలు పెట్టుకుంటూ బయటికి వచ్చేసరికి, మా ఆయన ఆ ఐసులో బీరు సీసాలు చక్కగా సర్దించేసి నిలబడి ఉన్నారు. ఐసు బాగానే ఉంది. అది వచ్చిన ప్లాస్టిక్ ట్రేలు మాత్రం పొద్దున రొయ్యలు ఎత్తిన ట్రేలు. లాన్ అంతా కొల్లేటి మీద నుంచి గాలి వీచినట్టుంది. నా ముక్కుకి తగలకూడదన్న నాన్న మాట గుర్తొచ్చి ఒళ్లు మండిపోయింది. పెళ్లికూతురి నాన్నగారు అప్పటికే హాలుకి వచ్చేశారు. చెయ్యి పట్టుకున్నంత పని చేసి లాక్కొచ్చాను.

ఆయన ఒక సీసా తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తిప్పి మళ్లీ చూశారు.

“వాసనేం లేదు కదమ్మా!”

వెంట వచ్చిన ఇద్దర్ని పిలిచి వాళ్లకి కూడా వాసన చూపించారు. “అబ్బే, ఏం లేదండీ” అన్నారు వాళ్లు కూడా. అబద్ధం కాదు, వాళ్లకి నిజంగానే రావడం లేదు. పుట్టినప్పటి నుంచీ పీల్చే గాలి అదే అయితే ఇంకెలా వస్తుంది? నాకు కోపం పోయి నవ్వొచ్చింది. నవ్వుకుంటూ కూర్చుంటే పని కాదు కదా. నిమ్మకాయ సోడా కోసం తెచ్చిన నిమ్మకాయల్లో ఒక బస్తా కోయించాను. ఐసు కడిగి వంటవాళ్ల గంగాళాల్లోకి మార్పించాను. మా మేనత్తలూ, పిన్నులూ పట్టుచీరల కొంగులు దోపుకుని, నిమ్మచెక్కలతో బీరు సీసాలు తోమారు. వాటి మొహం ఎరగని మా పెద్దమేనత్త వెండి చెంబులు తోమినంత శ్రద్ధగా తోమి, “ఎంత నున్నగా ఉన్నాయే ఇవి!” అంది. ఆ గంటసేపు మేము నవ్విన నవ్వులు పెళ్లిలో కూడా నవ్వలేదు.

సాయంత్రమయ్యింది. లైట్లు వెలిగాయి. కలిదిండి, మండవల్లి నుంచి కార్లు వచ్చాయి. మా ఆయన గేటు దగ్గర నిలబడి, మగవాళ్లని పార్కింగులో ఆగనివ్వకుండా నేరుగా లాన్‌లోకి పంపిస్తున్నారు. తెల్లటి గుడ్డలు, గాజు గ్లాసులు, నిమ్మకాయ వాసన. నేను దూరం నుంచి చూసి మురిసిపోయాను. స్టేజీ మీద ఆ అమ్మాయి, తమ్ముడు. ఆ అమ్మాయి పక్కన కొత్త తెల్లచొక్కా, జరీ పంచెతో వాళ్ల నాన్నగారు. ఫొటోగ్రాఫర్ లైట్లు సర్దుకుంటున్నాడు. ఆ పిల్ల నన్ను చూసి కళ్లతోనే నవ్వింది.

అప్పుడు మా ఆయన పరుగెత్తుకుంటూ వచ్చారు.

“ఎవరూ గ్లాసు ముట్టుకోవట్లేదు.”

“అదేమిటండీ? రొయ్యల వాసనా?”

“కాదు. కూర్చున్నారు. మనవాళ్లు పోసి ఇస్తే బల్ల మీద పెట్టించుకున్నారు గానీ చెయ్యి వెయ్యట్లేదు. ‘పెద్దాయన రానివ్వండి, ఆయన పోస్తే పుచ్చుకుంటాం’ అంటున్నారు. హోటలుకి రాలేదు కదా అన్నాడొకాయన.”

నాకు అప్పుడు అర్థమయ్యింది. వచ్చినవాళ్లకి నాన్న తన చేత్తో పొయ్యాలి అని ఆ పిల్ల చెప్పినప్పుడు, అది ఆయన సరదా అనుకున్నాను, మొహమాటం అనుకున్నాను. అది వాళ్ల మర్యాద అని తట్టనే లేదు. మా ఇళ్లల్లో మొదటి ముద్దకి నెయ్యి ఇంటివాళ్లు వెయ్యాలి. వంటవాడు వేస్తే ఎంత నెయ్యి వేసినా అది పెట్టినట్టు కాదు. అదే ఇది. ఇంతా చేసి, డబ్బిచ్చి తెచ్చినవాళ్ల చేత పోయించి, ఆ పెద్దమనుషుల్ని చిన్నబుచ్చాను.

స్టేజీ మీద ఆయన ఫోను మోగింది. ఎత్తి, ఒక్క మాట విని, పంచె కుచ్చెళ్లు సర్దుకున్నారు.

“ఇప్పుడే వచ్చేత్తానమ్మా” అన్నారు కూతురితో.

ఆ అమ్మాయి వద్దనలేదు. చెయ్యి పట్టుకోనూ లేదు. నవ్వు అలాగే ఉంచుకుని మెడలో దండ సరిచేసుకుంది. ఆ మొహం చూస్తే నాకు ఏడుపొచ్చినంత పనయ్యింది.

మా నాన్న గుమ్మం దగ్గర పన్నీరు చల్లించే చోట నిలబడి, వచ్చేవాళ్లకి నమస్కారాలు పెడుతున్నారు. ఆయన దగ్గరికి వెళ్లి, మెల్లగా చెబుదామనుకున్నదాన్ని, అరిచాను.

“నాన్నా! ఆయన వెళ్లిపోతున్నారు. మళ్లీ ఆ అమ్మాయి అక్క రిసెప్షన్‌లో లాగే అవుతుంది. ఇంటి పెద్ద పొయ్యందే వాళ్లు తాగరట!”

“ఈ విందు ఎవరిది?” అన్నారు నాన్న.

“మనదే.”

ఆయన ఒకసారి స్టేజీ వైపు చూశారు. మెట్లు దిగుతున్న వియ్యంకుణ్ణి చూశారు, పక్కన ఖాళీ పెట్టుకుని నిలబడ్డ కోడల్ని చూశారు. భుజం మీది ఉత్తరీయం తీసి నా చేతిలో పెట్టి, “అది ఎక్కడుందో చూపించు” అన్నారు.

మా నాన్న అంత వేగంగా నడవడం నేను చూడలేదు. లాన్‌కి వెళ్లే దారిలో పెళ్లికూతురి నాన్నగారికి అడ్డం నిలబడ్డారు.

“బావగారూ, మీరు పైకి వెళ్లండి. ఇవాళ పెట్టేది నేను. మీ వాళ్లు నా చుట్టాలు.”

“మీరా బావగారూ! మీరెందుకండీ అక్కడికి? మీకలవాటు లేదు కదండీ!”

“లేకపోతే మీ వాళ్లు నేర్పుతారు. మీరు వెళ్లండి. అమ్మాయి ఒక్కతీ నిలబడింది.”

ఆయన అక్కడే ఆగిపోయారు. నాన్న ఆయన భుజం మీద చెయ్యి వేసి స్టేజీ వైపు తిప్పారు. అంత ఎత్తు మనిషి చిన్నపిల్లాడిలా తిరిగారు.

నాన్న లాన్‌లోకి అడుగుపెట్టగానే అందరూ కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు. గూడెం పెద్దాయన, చుక్క ముట్టని మనిషి, ఉల్లిపాయల కొట్టాయన అని వాళ్లకి ముందే తెలుసు. నాన్న కౌంటరు దగ్గరికి వెళ్లి విస్కీ సీసా రెండు చేతులతో తీసుకున్నారు. ఊపిరి బిగబట్టారని నాకు తెలుస్తోంది. మొదటి బల్ల దగ్గర వాళ్లందరిలోకీ పెద్ద వయసాయన ఉన్నారు. ఆయన గ్లాసు పట్టుకుంటే నాన్న సీసా వంచి, అంతలోనే ఎత్తేశారు. గ్లాసు అడుగు తడిసిందంతే. అభిషేకం అయ్యాక ఇచ్చే తీర్థం అంత.

“చాలాండీ?” అన్నారు నాన్న.

ఆ పెద్దాయన గ్లాసులోకి చూశారు. ఎడమ చెయ్యి కింద పట్టి, కళ్లు మూసుకుని, గొంతులో వేసుకున్నారు. వేసుకుని, అలవాటు కొద్దీ చెయ్యి నెత్తికి రాసుకున్నారు. లాన్ అంతా గొల్లుమంది. ఆయనా నవ్వారు. మా నాన్నకి ఎందుకు నవ్వుతున్నారో అర్థంకాక, నా వైపు చూసి, ఆయనా నవ్వారు.

“ఇంకాస్త పోస్తానండీ, మొహమాటపడకండి” అని పక్కాయనకి పోశారు. అదీ తీర్థమే. అలా ప్రతి బల్ల దగ్గరికీ వెళ్లి, “దయచేసి పుచ్చుకోండి, భోజనం చెయ్యకుండా వెళ్లకండి, పిల్లల్ని దీవించండి” అంటూ అందరికీ తన చేత్తో పోశారు. నేను వెనకాల ఉత్తరీయం పట్టుకుని నడిచాను. ఆ మనిషి కూతుర్నని గర్వంతో నా కళ్లకి ఏమీ సరిగ్గా కనబడలేదు. ఆ తర్వాత పోసింది మా మనుషులే. ఎవరూ మారుమాట అనలేదు. మొదటి చుక్క ఇంటి పెద్ద చేత్తో పడింది, మర్యాద జరిగిపోయింది. తర్వాతిది ఎవరు పోస్తేనేం? పైగా, చుక్క ముట్టని పెద్దమనిషి చేతిమీదుగా పుచ్చుకున్నాక ఎవరికీ మితిమీరబుద్ధి కాలేదనుకుంటాను. భోజనాల పిలుపు రాగానే గ్లాసులు బల్లల మీద పెట్టి లేచారు. ఒక పెట్టె మూత కూడా తియ్యకుండా వైన్ షాపుకి వెనక్కి వెళ్లింది.

నాన్న నేరుగా పంపు దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కున్నారు, రెండోసారి సబ్బు పెట్టి కడుక్కున్నారు. నేను అక్కడ ఆగకుండా హాల్లోకి పరుగెత్తాను.

స్టేజీ మీద పెళ్లికూతురి నాన్నగారు కూతురి పక్కన ఉన్నారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకసారి వెనక్కి కట్టుకుంటున్నారు, ఒకసారి ముందుకి తెచ్చుకుంటున్నారు. భోజనానికి లేచిన చెరువుల వాళ్లు ఒక్కొక్కరే స్టేజీ ఎక్కి అక్షింతలు వేసి, ఆయన పక్కన నిలబడి ఫొటో దిగి వెళుతున్నారు. వాళ్ల వెనక తమ్ముడి ఆఫీసు స్నేహితులు గుంపుగా ఎక్కారు. చోటు చాలలేదు. ఫొటోగ్రాఫర్ కెమెరాలోంచి తలెత్తి, “అంకుల్, మీరు కాస్త కిందికి దిగుతారా? ఇది ఫ్రెండ్స్ ఫొటో అండీ” అన్నాడు.

ఆయన వెంటనే సరేనని పంచె ఎత్తి పట్టుకుని మెట్ల వైపు కదిలారు. ఆ అమ్మాయి ఆయన మణికట్టు పట్టుకుంది. గాజులు జారి మోచేతి దాకా పోయాయి, అయినా వదల్లేదు.

“ఆయన దిగరండీ” అంది ఫొటోగ్రాఫర్‌తో. “మీరే కొంచెం వెనక్కి జరిగి తియ్యండి.”